మాస్టారి గురక

క్షవరం మాస్టారి తల ఎప్పుడు చూసినా మేకలు మేసి వదిలేసిన చేనులా ఉండేది. జైల్లో ఖైదీలకు క్షవరం పని నేర్పే మనిషి ఆయన. నేర్చుకోవడానికి తలకాయ కావాలి. తోటి ఖైదీలెవరూ ఇవ్వరు. అందుకని కొత్తగా కత్తెర పట్టిన ప్రతివాడికీ తన తలే అప్పగించేవారు.

“మాస్టారూ, చెవి మీద గుండు పడిపోయిందండీ!”

“జుట్టేగా, మొలుస్తుంది. చెవి మాత్రం మొలవదు, చూసుకో.”

కూతురి పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ ఆయన టోపీతోనే ఉన్నారు. ఒకసారి కొత్త వార్డరు గేటు దగ్గర ఆ తల చూసి, ఖైదీ పారిపోతున్నాడనుకుని మెడ పట్టి లోపలికి తోశాడు.

“తొయ్యడం ఎందుకయ్యా? నేను వచ్చేదే లోపలికి!” అన్నారు మాస్టారు.

ఆయన దగ్గరికి ‘కత్తి’ అనే ఖైదీ వచ్చాడు. తాగిన మైకంలో ఒకణ్ణి పొడిచి వచ్చాడని జైలు పెట్టిన పేరది. పని నేర్చుకుని పరీక్ష నెగ్గితే శిక్షలో ఏడాది తగ్గుతుంది. బయట తల్లి మంచం పట్టి ఉంది. కత్తెర పని బాగానే పట్టుబడింది. మిగిలింది గడ్డం గీయడం, అదీ మంగలికత్తితో.

“వీడి చేతికా? వీల్లేదు,” అన్నాడు జైలరు.

“గొంతు నాదేగా సార్, మీకెందుకు భయం?” అంటూ మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

కత్తి చెయ్యి గజగజ వణికింది. “నా వల్ల కాదు మాస్టారూ.”

“తొందరగా కానియ్యరా, నిద్రొస్తోంది,” అని ఆయన గురక మొదలుపెట్టారు. ఆ గురక వింటుంటే చెయ్యి దానంతటదే కుదురుకుంది. చిన్న గాటు కూడా పడకుండా గడ్డం దిగింది.

కత్తి ఏడాది ముందే విడుదలయ్యాడు. ఆ ఏడాదీ తల్లి పక్కనే ఉండి, ఆమెను సాగనంపగలిగాడు. తర్వాత వేరే ఊళ్ళో సెలూన్‌లో చేరాడు. పని ఎక్కడ నేర్చుకున్నావని యజమాని అడిగితే, “మా మేనమామ దగ్గర,” అన్నాడు.

మాస్టారికి ఒక్కసారైనా సరైన క్రాపు చెయ్యాలని అతని ఆశ. కానీ అటు వెళ్తే పాత సంగతి ఎక్కడ బయటపడుతుందోనని భయం. వచ్చే నెల, ఎండలు తగ్గాక, వానలు వెలిశాక అంటూ ఏళ్ళు గడిపేశాడు.

తీరా వెళ్ళేసరికి మాస్టారు లేరు. “పోయిన నెలే బాబూ,” అంది ఆయన భార్య.

కత్తి గడప మీదే కూలబడ్డాడు. “నా చేతిలో మంగలికత్తి ఉన్నా హాయిగా నిద్రపోయారమ్మా. ఆయనకి తిరిగి ఏమీ చెయ్యలేకపోయాను.”

“నిద్రా?” ఆవిడ ఆశ్చర్యపోయింది. “గొంతు మీదికి కత్తి వస్తే ఆయనకి చచ్చేంత భయం! ఎవరినీ తన గడ్డం తాకనిచ్చేవారు కాదు. ఆ రోజు ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుని ఒకటే వణుకు. అంత భయమైతే ఎందుకు కూర్చున్నారంటే, ‘నేను బెదిరితే వాడు ఇంకా బెదిరిపోతాడే’ అన్నారు. అసలు ఆయనకి గురకే లేదు నాయనా. అది నాది. నన్ను చూసి నేర్చుకున్నారు!”

ఏడవబోయినవాడికి నవ్వొచ్చింది. ఈ మాట ఆయన ఉండగా విని ఉంటే ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్ళే. అదే అతని బాధ.

మర్నాడు యజమానికి గడ్డం గీస్తున్నాడు. ఒక పక్క అయింది.

“నిన్న ఎక్కడికి పోయావ్?”

“మా మాస్టారింటికండీ. మేనమామ అని మీకు అబద్ధం చెప్పాను. ఈ పని జైల్లో నేర్చుకున్నా. ఒకణ్ణి పొడిచి లోపలికెళ్ళాను.”

అతని చెయ్యి ఆగిపోయింది. యజమాని ఒకసారి గుటకేశాడు. అద్దంలోంచి అతన్ని చూసి, కుర్చీలో వెనక్కి వాలి గడ్డం పైకెత్తాడు.

“మరి రెండో పక్క ఎవరు గీస్తారు, మీ మేనమామా?”