తమ్ముని కంప్యూటర్‌లో ఏది మార్చాలి

మస్కట్ నుంచి ఇక మళ్లీ పోకుండా వచ్చేసినప్పుడు మా తమ్ముడు రెండు కార్టన్లు తెచ్చాడు. ఒకదానిలో అందరూ తెచ్చేవే ఉన్నాయి: కంబళ్లు, నొప్పుల మందు, పాలపొడి డబ్బాలు. రెండో దానిలో, రెండు కంబళ్ల నడుమ పసిగుడ్డును పడుకోబెట్టినట్టు, ఒక కంప్యూటరు ఉంది. క్యాంపులో వాడి గదిలోనే ఉండే మనిషి ఇంకో కంపెనీకి పోతూ అమ్మిపోయాడట. ఆఫీసుల్లో ఉండే రకం కాదు, ఆటల కోసం కట్టించింది. పక్కకు అద్దం, లోపల నీలం దీపాలు. దానికి తోడు ఒక స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడళ్లు. కోరుట్ల బస్టాండులో ఆ కార్టను దింపేటప్పుడు హమాలీని వాడు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే.

దాని మీద వాడు ఆడేది ఒకే ఒక్క ఆట. లారీ తోలే ఆట. జీవితమంతా ఎడారిలో ట్రైలరు తోలి వచ్చినవాడు ఇంట్లో కూర్చుని మళ్లీ లారీయే తోలుతున్నాడని మా మరదలు వాడిని ఆడిపోసుకునేది.

"ఆడ తోలితె జీతమన్న వస్తుండె. ఈడ తోలితె కరెంటు బిల్లొస్తది."

"ఆడ తోలింది సేటు బండే. గిది నా బండి" అనేవాడు వాడు.

నవ్వులాట పక్కన పెడితే, వాడికి మిగిలింది ఆ బండి ఒక్కటే. షుగరు వచ్చి కాళ్లు తిమ్మిర్లు పట్టాయి. ఇక్కడ ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. స్కూటరు మీద పోయి ఒకరి గేటుకు గుద్దుకుంటే, బ్రేకు పట్టలేదన్నాడు. నేను బ్రేకు షూలు మార్చి ఇచ్చాను. మళ్లీ గుద్దుకున్నాడు. అప్పటి నుంచి స్కూటరు పరదా కప్పుకొని వరండాలో ఉంది. ఉదయం టీ తాగి ఆ కుర్చీలో కూర్చుంటే వాడు మళ్లీ డ్రైవరు. ఆ కుర్చీ కూడా పోతే గోడకు మొహం పెట్టుకొని పడుకుంటాడని నాకూ తెలుసు, మరదలికీ తెలుసు.

మొన్నటి వానాకాలంలో ఆ ఆట తనంతట తాను కొత్తది తెచ్చుకుంది. అప్‌డేటు అంటారు. అడగకుండా ఇంట్లోకి వచ్చి సామానంతా సర్దిపోయే చుట్టంలాంటిది. రోడ్లు మార్చారు, వంతెనలు మార్చారు. ఆనాటి నుంచి వాడికి ఒకటే గొణుగుడు.

"అన్నా, బొమ్మ మసక మసక వస్తున్నదే. బోర్డులు కానొస్తలెవ్వు. బండి ఆగాగి పోతున్నది. దీంట్ల ఏదో సామాను అరిగింది, సూడు జెర."

నిజంగానే ఆగాగి పోతోంది. నేనూ చూశాను.

నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు నేర్చుకున్నది సిరిసిల్లలో, సాంచల ఖార్ఖానాలో, పొట్లాలు కట్టిన పేపరు ముక్కల మీద. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. చేతిమగ్గాలు అటక ఎక్కి సాంచలు రావడం చూసినవాణ్ణి. వాటిని బాగుచేసే జాబరుగా సగం ఆయుస్సు గడిపినవాణ్ణి. బట్టలో తప్పు పడితే సాంచకు చెవి పెట్టి వినాలి. అరిగింది ఏదో పట్టుకోవాలి. ఒక్కటే మార్చి, నడిపించి చూడాలి. అప్పటికీ తప్పు పడితేనే రెండో దాని మీద చెయ్యి వెయ్యాలి. ఇదీ నా చదువు. ఈ చదువుతో రేడియోలు, మోటార్లు, ఇస్త్రీపెట్టెలు అన్నీ బాగుచేశాను. కంప్యూటరు మాత్రం దేవలోకం నుంచి దిగిందా అనుకున్నాను.

దాన్ని అదే కంబళిలో చుట్టి, ఒళ్లో పెట్టుకొని బస్సులో జగిత్యాల పోయాను. గడియారం టవరు దగ్గర సందులో ఒక దుకాణం ఉంది. దుకాణదారు మూత తీసి లోపలికి చూసి నావైపు చూశాడు.

"ఎవరిది తాతా గీ సిస్టం? మనుమనిదా?"

"మా తమ్మునిది. అరవై దాటినయి. లారీ తోలుతడు దీంట్ల."

అతను నవ్వు ఆపుకున్నాడు. ఆపుకున్నట్టు కనబడేలాగే ఆపుకున్నాడు.

"గ్రాఫిక్స్ కార్డు పాతది తాతా. బొమ్మ గీసేది గదే. కొత్త ఆటకు గిది సాలది."

"మరి మార్చు."

"పెద్ద కార్డేస్తె గీ ఎస్‌ఎంపీఎస్ ఆగది. అన్నిటికి కరెంటు పంచేది గదే."

"అదీ మార్చు."

"గప్పుడు ప్రాసెసరు ఎనుకవడ్తది. కొత్త ప్రాసెసరు గీ బోర్డు మీద కూసోదు. బోర్డు మారిస్తె ర్యామ్ మారాలె."

"మరి మిగిలేదేంది బాబూ?"

"డబ్బ మిగుల్తది తాతా. డబ్బ మంచిగున్నది."

నా ఒళ్లు మండింది. సాంచలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె పోతే నాడె మారుస్తాం. నాడె కోసం ఖార్ఖానా కూలగొట్టం. ఒక వస్తువును, దాని ఒక్క భాగం ముసలిదైతే మొత్తం పారేసేలా తయారుచేసినవాడు మనిషి కాదని అతని ముందే అన్నాను. "నేనేం తయారు చేసిన్నా తాతా" అన్నాడు. అదీ నిజమే. తిట్టడానికి కూడా ఎవరూ దొరకని కాలం ఇది.

ఇంటికొచ్చి తమ్ముడితో కూర్చున్నాను. వాడు లారీ లెక్కలో చెప్పాడు.

"ఇంజను మారిస్తె గేరుబాక్సు మార్చాలె, గది మారిస్తె యాక్సిలు మార్చాలె. గట్ల గాదన్నా. ఉన్న ఇంజను ఎంత గుంజుతదో గంతే లోడెయ్యి."

వాడన్నది నా చదువుకు సరిపోయింది. బోర్డు, ప్రాసెసరు ముట్టుకోవద్దు. ఆ ప్రాసెసరు మోయగలిగినంత కార్డే వెయ్యాలి, దాని భారానికి ఆగే ఎస్‌ఎంపీఎస్ వెయ్యాలి. ముందుగా తేలికవి: హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ, ఇంకొంత ర్యామ్. ఒక్కొక్కటే మార్చి చూడాలి.

మొదటి రెండూ సిరిసిల్లలో వేయించాను. అక్కడ ఇప్పటికీ నన్ను ఎరిగినవాళ్లున్నారు, టోపీ పెట్టరు. ఆట చిటికెలో తెరుచుకుంది. తమ్ముడు స్టీరింగు పట్టుకున్నాడు.

"బిరాన లేస్తున్నది. గని బోర్డులు కానొస్తలెవ్వు."

మళ్లీ సిరిసిల్ల. వాడిన కార్డే అయినా మంచిది దొరికింది. ఎస్‌ఎంపీఎస్ కొత్తది. ఇంటికి తెచ్చి నేనే బిగించాను. స్క్రూలు సాంచ స్క్రూల ముందు చీమల్లా ఉన్నాయి. మీట నొక్కితే నీలం దీపాలు వెలిగి, ఫ్యాను మెత్తగా తిరిగింది. చెవి పెట్టి విన్నాను. ఏ తప్పుడు చప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం వాడు లారీ తీశాడు. నేను వెనుక స్టూలు మీద కూర్చున్నాను. రోడ్డు నూనె పోసినట్టు సాగుతోంది. ఎక్కడా ఆగడం లేదు. చెట్ల ఆకులు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. దూరంగా నీలం బోర్డు మీద తెల్ల బాణం ఎడమకు తిరిగి ఉంది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. వాడు తిప్పలేదు. లారీ తిన్నగా పోయి టోలుగేటు దిమ్మెకు గుద్దుకుంది.

"సూసినవా, ఇంక మసకనే ఉన్నది" అన్నాడు. "మానిటరే అన్నా. మానిటరు అరిగింది."

నా అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. నా స్టూలు వాడి కుర్చీకి రెండు మూరలు వెనుక ఉంది. నా కళ్లు వాడి కళ్లకంటే పదేళ్లు పెద్దవి. నాకు బాణం కనబడింది.

"ఇన్ని రోజులు ఎట్ల తోలినవ్‌రా?"

"పాత రోడ్డు నోటికి వచ్చుండె. రెండో వంతెన దాటంగనే ఎడమ."

అప్పుడు అర్థమైంది. అప్‌డేటు చెడగొట్టింది కంప్యూటరును కాదు, వాడు బట్టీపట్టిన రోడ్డును. బ్రేకు షూలు గుర్తొచ్చాయి. నేనెప్పుడూ సాంచకే చెవి పెట్టాను, దాని ముందు నిలబడ్డ మనిషి మొహం చూడలేదు.

"కంటి డాక్టరు దగ్గరికి పోదాం తమ్మీ."

వాడు స్టీరింగు మీది చేతులు తీయలేదు. "పోతె అన్‌ఫిట్ రాస్తరన్నా."

గల్ఫుకు పోయిన ఇళ్లలో ఆ మాట ఎంత బరువైనదో చెప్పనక్కర్లేదు. వీసా కోసం చేసే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ వస్తే వీసా పోతుంది, అప్పు మిగులుతుంది. వీడు మొదటిసారి పోయేటప్పుడే, వరసలో ముందున్నవాడు చదువుతుంటే చెవులు రిక్కించి కంటి చార్టులోని ఇంగ్లీషు అక్షరాలు బట్టీపట్టాడట. ప్రతి మెడికల్‌కూ అదే పని. ఆ సంగతి అప్పట్లో కథలా చెప్పేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. తెలివైనవాడని మా నాయన మెచ్చుకున్నాడు కూడా.

"ఎవడ్రా ఇప్పుడు అన్‌ఫిట్ రాసేది? నువ్వు ఏ దేశం పోవాలె?"

వాడు దిమ్మె నుంచి లారీని వెనక్కి తీయసాగాడు. మరదలు తలుపు దగ్గర నుంచి అంది: "బావా, మీరే తీస్కపోండి. నేను అంటె ఇనడు."

జగిత్యాలలో కంటి ఆసుపత్రి హాలులో కూర్చున్నాం. లోపలి గదిలో ఎవరో ముసలమ్మ అక్షరాలు చదువుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. మా తమ్ముడు ముందుకు వంగాడు. పెదవులు కదులుతున్నాయి. ఆమె అన్న ప్రతి అక్షరాన్నీ లోపల పేర్చుకుంటున్నాడు. 

వాడి వంతు వచ్చింది. గడగడ చదివేశాడు. పరీక్ష చేసే అమ్మాయి వాడి మొహం చూసి మీట నొక్కింది. గోడ మీద అక్షరాలు మారిపోయాయి.

"ఇప్పుడు చదువుండ్రి పెదనాయినా."

వాడు అవే పాత అక్షరాలు మళ్లీ మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

తర్వాత డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. షుగరు కంటి వెనుక పొరను తినేసిందని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, సూదులు, లేజరుతో ఉన్నది కాపాడటానికి చూడాలి, ముందే వచ్చి ఉండాల్సింది అంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మెడికల్ సెంటర్ల మీదనా, మెచ్చుకున్న మా నాయన మీదనా, నవ్విన మా అందరి మీదనా. "అమ్మా, ఏదన్న మార్చేది ఉంటదా?" అని అడిగాను. "లెన్స్ అయితే మారుస్తం. ఈ పొరకు మార్పిడి లేదు పెద్దాయనా" అంది.

బయటికి వచ్చి టవరు వైపు నడిచాం. కంటిలో మందు వేసినందుకు వాడు నా భుజం పట్టుకున్నాడు. ఆ సందు మొదట్లో ఆగాడు.

"గీడనేనా అన్నా నువ్వు చెప్పిన దుకాణం?"

అవునని లోపలికి నడిపించాను. దుకాణదారు నన్ను గుర్తుపట్టాడు.

"ఏం తాతా, డబ్బ మార్చనీకొచ్చినవా?"

"మానిటరు గావాలె" అన్నాడు మా తమ్ముడు. "పెద్దది."

"ఎంత పెద్దది? ఎంత దూరం కూసుంటవే కాకా?"

తమ్ముడు నా భుజం మీది చెయ్యి తీయలేదు.

"నాకు గాదు. ఎనుక మా అన్న కూసుంటడు. బోర్డులు ఆయనకు కానరావాలె. ఆయనె నా క్లీనరు."