అత్త మూడు సంచులు

మా మేనత్త పోయి నిన్నటికి పదిహేను రోజులు. అమ్మ లేని నన్ను పెంచి, వేంపల్లెలో మా కిరాణా అంగడిని ముప్పై ఏళ్లు నడిపిన మనిషి. ఏడవాలో కోప్పడాలో నాకింకా తెలియడం లేదు. రెండూ చేస్తున్నాను.

ఆమెకు మొదట అరచేతుల్లో చీము పొక్కులు లేచాయి. కారప్పొడి పడలేదని చర్మం డాక్టరు పూత మందిచ్చాడు. తర్వాత మెడ కింద ఎముక వాచి చెయ్యి పైకి లేవలేదు. మూటలెత్తి అరిగిందని ఎముకల డాక్టరు సూది వేశాడు. ఆపైన దగ్గు, ఆయాసం. ఊపిరితిత్తుల డాక్టరు క్షయ అనుకుని నెలల తరబడి బిళ్లలు మింగించాడు. ముగ్గురూ కడపలోనే, ఒకే వీధిలో. ఒక్కరైనా ఇంకేమైనా బాధ ఉందా అమ్మా అని అడిగారా? అడగలేదు. ఈమె చెప్పిందా? అబ్బే!

అత్త దగ్గర మూడు గుడ్డ సంచులుండేవి, డాక్టరుకొకటి. ఎవరి చీటీలు, మందులు, ఎక్స్‌రేలు వాళ్ల సంచిలోనే. తోడు వెళ్లిన ప్రతిసారీ గొడవే.

"అన్నీ ఒకటే సంచిలో తీస్కపోదాం పా అత్తా."

"నీకు మతి ఉండాదా? పక్కంగడి సంచి పట్టుకోని మనంగడికొస్తే మనకెట్లుంటాది? ఆయప్ప నొచ్చుకోడా?"

"డాక్టరు అంగడోడా అత్తా?"

"ఎవురైనా మనిషే కదప్పా."

ఏం చెప్పాలి ఈ మనిషికి! అంగట్లోనూ అంతే. ఎవరైనా వేరే అంగడి సంచితో వస్తే చూడనట్టు మొహం తిప్పుకుని తూకం వేసేది. వాళ్లు సిగ్గుపడకూడదట. ఆ మర్యాదను డాక్టర్ల దాకా మోసుకుపోతుందని ఎవరనుకుంటారు?

చివరికి నాలుగు మెట్లెక్కలేక కూలబడితే కర్నూలుకు తీసుకెళ్లాను. ఈసారి ఆమెను అడగలేదు. మూడు సంచులూ దొంగతనంగా నా బ్యాగులో కుక్కాను. అక్కడి డాక్టరమ్మ అన్నీ బల్ల మీద గుమ్మరించి, ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి, అత్త అరచేతులు తిప్పి చూసింది. "ఇవి మూడు జబ్బులు కావమ్మా, ఒకటే అనిపిస్తోంది," అంది. వాచిన ఎముక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అదే తేలింది. నోరు తిరగని పేరు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎముకల మీద, చర్మం మీద, ఊపిరితిత్తుల మీద తిరగబడుతుందట. అత్త మాత్రం, "ఏమనుకోవద్దమ్మా, మావోడు తెలీక అవన్నీ తెచ్చినాడు," అని చేతులు జోడించింది. నేను తల పట్టుకున్నాను.

మందులకు పొక్కులు మానాయి, చెయ్యి లేచింది. ఊపిరితిత్తులు మాత్రం అప్పటికే గట్టిపడిపోయాయి. "ముందే తెచ్చుంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. ఎన్నిసార్లు అరిచాను, ఎన్నిసార్లు అలిగాను! ఆ సంచులు మొదట్లోనే లాక్కోవడానికి నాకేం రోగం?

నిన్న అంగడి తీశాను. ఒకామె వచ్చి, చేతిలోని పక్కంగడి సంచిని కొంగు చాటుకు జరుపుకుంది. మొహం తిప్పుకోబోయాను, అత్తలాగే. మళ్లీ ఆమె వైపే తిరిగాను.

"దాచద్దమ్మా, ఈడ పెట్టు," అన్నాను.

ఆమె బెరుగ్గా సంచిని బల్ల మీద పెట్టింది. కందిబ్యాళ్లు తూచి, పొట్లం కట్టి, ఆ సంచిలోనే వేశాను.