సన్నాయి ఆగినా తగ్గని చప్పుడు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: దేన్నైనా సరిగ్గా కొలిస్తే తగువు తీరిపోతుందని. ఎమ్మెస్సీ పూర్తిచేసి, రాజమండ్రిలో నీళ్ళూ గాలీ చప్పుళ్ళూ పరీక్షించే ఒక చిన్న ల్యాబులో చేరి అప్పటికి మూడు నెలలు. అంతవరకూ సీనియర్ల వెనక స్టాండు మోయడమే నా ఉద్యోగం. అలాంటిది ఒకరోజు మా సారు శబ్దాన్ని కొలిచే మీటరు నా చేతికే ఇచ్చి, భీమవరం దగ్గర ఒక పల్లెకు ఒంటరిగా వెళ్ళి రమ్మన్నారు. బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. (పక్క సీటావిడ బీపీ చూడమని చెయ్యి చాపింది. ఇది చెవికి సంబంధించిందండీ అంటే, చెవి కూడా చూపించింది.)

తగువు ఇదీ. ఊరి చివర రొయ్యల చెరువుల మధ్య కొత్తగా ఒక ఫంక్షన్ హాలు వెలిసింది. దానికి ఒక గట్టు అవతల ఒక రైతుగారి ఇల్లు. ఊరంతా ఆయన్ను చెరువు బాబాయిగారంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. వాళ్ళావిడకు నెల క్రితం ఆపరేషన్ అయింది. బాగా నిద్రపోతేనే కోలుకుంటారని డాక్టరు చెప్పారు, ఆవిడకేమో కన్ను మూతపడటం లేదు. హాలు మైకులే కారణమని బాబాయిగారు ఫిర్యాదు పెడితే, పంచాయతీవాళ్ళు కొలిపించమన్నారు. ఇళ్ళున్నచోట పగటిపూట యాభై ఐదు డెసిబెల్స్ దాటకూడదు. దాటితే హాలువాళ్ళు మైకులు తగ్గించాలి, పిన్నిగారు నిద్రపోవాలి. నాకు ఇందులో చిక్కేమీ కనిపించలేదు.

నేను వెళ్ళేసరికి హాల్లో పెళ్ళి. గేటు దగ్గర బాబాయిగారే పట్టుపంచె కట్టుకుని ఎదురొచ్చారు. వీళ్ళ మీదే కదండీ ఫిర్యాదు అని నీళ్ళు నమిలాను. "గొడవ గొడవేనండి, పెళ్ళి పెళ్ళే. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచాక వెళ్ళకపోతే ఏం బావుంటదండి?" అన్నారు. భోజనాల వేళకు నా పని తెమిలిపోతే వడ్డన దగ్గర తానే నిలబడాలట. హాలు యజమాని అంతకన్నా మర్యాదస్థుడు. తన తప్పు పట్టడానికి వచ్చిన నాకు పూతరేకులు పెట్టించి, తినేదాకా కదలనివ్వలేదు. (నా నోట్‌బుక్కు మొదటి పేజీకి ఇప్పటికీ నెయ్యి మరక ఉంది.)

బాబాయిగారి వాకిట్లో స్టాండు నిలబెట్టి, స్పాంజి టోపీ తొడిగిన మీటరును హాలు వైపు తిప్పాను. దారినపోతున్న ఒక పెద్దమనిషి అది టీవీవాళ్ళ మైకనుకుని, గొంతు సవరించుకుని వధూవరులను రెండు నిమిషాలు ఆశీర్వదించి వెళ్ళారు. ఆ కొలత కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. అరవై ఏడు వచ్చింది. బాబాయిగారి ముఖం వెలిగిపోయింది. పద్ధతి ప్రకారం హాలు చప్పుడు లేకుండా కూడా ఒకసారి కొలవాలి. ముహూర్తానికి ఇంకా అరగంట ఉందని హాలాయన పది నిమిషాలు సన్నాయి, మైకులు ఆపించారు. మీటరు చూస్తే అరవై ఆరు.

బ్యాటరీలు మార్చాను. అరవై ఆరే. దాని ముందు చప్పట్లు కొడితే అంకె ఎగిరింది, ఆపితే మళ్ళీ అరవై ఆరుకే వచ్చి కూర్చుంది. దగ్గర్లో ఇంకో పెళ్ళేదైనా జరుగుతోందేమోనని చెవులు రిక్కించాను. నాకేమీ వినపడలేదు. దిక్కుతోచక సారుకు ఫోన్ చేసి, శబ్దం ఆపినా శబ్దం తగ్గడం లేదండీ అన్నాను. ఆయన, "ఫోన్లో ఆ హోరు ఏంటమ్మా?" అన్నారు.

వెనక్కి తిరిగాను. బాబాయిగారి చెరువులో ఏరేటర్లు, రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళు చిమ్మే ఆ చక్రాలు, వరసగా తిరుగుతున్నాయి. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గుతుందని పొద్దుటినుంచీ ఆపలేదట. వాటి పక్కనే గంటసేపు నిలబడి నేను పుస్తకంలో 'పరిసరాలు: ప్రశాంతం' అని రాసుకున్నాను. సామర్లకోట జంక్షన్లో పట్టాల పక్కన పుట్టి పెరిగినదాన్ని, అలవాటైన మోతను నా చెవి పట్టించుకోదు. బాబాయిగారి చెవీ అంతే. అదీ చప్పుడేనా అండీ అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఐదే ఐదు నిమిషాలు ఆపమని బతిమాలాను. ఎక్కువసేపైతే రొయ్యలు తేలిపోతాయంటూ, స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి ఆపారు. మీటరు నలభై ఆరుకు పడింది. కరెంటు పోయిందేమోనని హాల్లోంచి జనం బయటికొచ్చారు. ఇంట్లోంచి పిన్నిగారు గోడ పట్టుకుని వచ్చారు. అటు సన్నాయీ లేదు, ఇటు చెరువూ మోగడం లేదు, పెళ్ళి ఆగిపోయిందేమోనని ఆవిడ కంగారు. ఏమీ కాలేదు, వెళ్ళి పడుకోమని బాబాయిగారు స్విచ్చి వదల్లేక అక్కడినుంచే కేకేశారు.

"పక్కన పెళ్ళవుతుంటే పడుకోవడమేంటండీ? నెల్లాళ్ళనుంచీ పీటల మీద ఎవరు కూర్చున్నారో, తలంబ్రాలు ఎవరు కలిపారో అనుకుంటూ పైకప్పు చూస్తన్నాను," అన్నారావిడ. అని, నా భుజం పట్టుకుని గట్టెక్కారు. ఒక చేత్తో ఆవిడనూ ఇంకో చేత్తో మీటరునూ పట్టుకుని నేనూ నడిచాను. ఏది ముందు కింద పడుతుందోనని నాకు ఒకటే భయం.

హాలువాళ్ళు ఆవిడకు ముందువరసలో, సరిగ్గా సన్నాయివాళ్ళ మైకు పక్కన కుర్చీ వేశారు. ముహూర్తం వేళ గట్టిమేళం మోగింది. పిన్నిగారు అక్షింతలు వేసి, పెళ్ళికూతురి జడ చూసి తృప్తిగా తలాడించి, వెనక్కి వాలి హాయిగా నిద్రపోయారు. నాకేమీ అర్థంకాక, కొలవడమొక్కటే వచ్చు కాబట్టి, ఆవిడ చెవి దగ్గర మీటరు పెట్టాను. ఎనభై తొమ్మిది. నడుముకు తువ్వాలు చుట్టుకుని వడ్డనకు వెళ్తున్న బాబాయిగారు మీటరును చూశారు, ఆవిడను చూశారు. ఆయన కళ్ళు తడిశాయి. ఆ మేళం హోరులోనే, ఆవిడ లేస్తుందేమోనని నా చెవి దగ్గరికి వంగి, "ఈ అంకె మాత్రం రాయకండి మేడం గారూ," అన్నారు.

రిపోర్టులో మిగతా అంకెలన్నీ రాసి, మైకులు ఉన్నా ఆపినా తేడా ఒక్క డెసిబెలే కాబట్టి హాలు వాటా ఎంతో తేల్చలేమన్నాను. సారు చదివి, ఇంతకీ ఆవిడకు నిద్ర పట్టనిది దేనివల్లమ్మా అని అడిగారు. దానికి ఫారంలో గడి లేదండీ అన్నాను. బాబాయిగారు ఆ వారమే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారట.

ఇప్పుడు ఆ ల్యాబులో సంతకాలు పెట్టేది నేనే. కొత్తగా చేరిన పిల్లలకు, కొలిచిన అంకెను ఏ కారణానికీ దాచకూడదని మొదటిరోజే గట్టిగా చెప్తాను. నెయ్యి మరక పేజీలో పెన్సిల్‌తో రాసి కొట్టేసిన ఎనభై తొమ్మిది మాత్రం, నేను సంతకాలు పెట్టే బల్ల సొరుగులోనే ఉంటుంది.