వీపు మీది మచ్చ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, లింగంపల్లిలో పెళ్లికానివాడికి గది ఇచ్చేవాళ్లు తక్కువ. ఇప్పుడు అద్దాల మేడలున్న వైపంతా అప్పుడు బండరాళ్లే, మాట్లాడాలనిపిస్తే వాటితోనే మాట్లాడుకోవాలి. గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ గుమాస్తాగా వచ్చిపడిన నాకు ఇరవై రెండేళ్లు. ఆదివారం వచ్చిందంటే ఏడుపొచ్చేది. ఎలాగో ఒక రిటైరైన డ్రాయింగు సారు జాలిపడి తన ఇంటి ముందు గది ఇచ్చాడు. ఆయన భార్య పోయి అప్పటికే నాలుగేళ్లు. గోడకు అటు ఆయన, ఇటు నేను, ఎవరి అన్నం వాళ్లం తినేవాళ్లం.

సారు జీవితమంతా ఆ బండల బొమ్మలే వేశాడు, అదీ మోడరన్ పద్ధతిలో. (ఒక బొమ్మను నేను ఆరు నెలలు తలకిందులుగా పట్టుకుని మెచ్చుకున్నాను. మర్యాదస్తుడు, చెప్పలేదు.) అరవై దాటాక మాత్రం ఒకే ఒక్క బొమ్మ పట్టుకు కూర్చున్నాడు. రాతి మీద స్నానానికి కూర్చున్న ఆడమనిషి, వెనక నుంచి, ఒంటి మీద నూలుపోగు లేదు. కుడి భుజం కింద కాలిన మచ్చ. నేను చెవులదాకా ఎర్రబడి, రాయి చాలా బాగా కుదిరిందండీ అన్నాను.

కంటి ఆపరేషన్‌కు దవాఖానకు వెళ్తూ సారు నన్ను పిలిచాడు. "ఇల్లు చూస్తందుకు మా చెల్లె వస్తది. గా బొమ్మ నీ గదిల దాచు. చూసిందంటే ఇగ నా ముఖం చూడదు." ఆయనకు మిగిలిన చుట్టం ఆవిడొక్కతే. బొమ్మను గోడకు ఆనించి, పైన నా చొక్కాలన్నీ వేలాడదీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడోనాడు, ఇల్లు చూడవచ్చిన ఆ తల్లి, నేను అడగకుండానే, నా చొక్కాలు ఉతుకుదామని అన్నీ లాగేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బొమ్మ ముందు నిలబడి ఉంది. సారు పరువు నా చేతుల్లో ఉందనుకుని, నేనే వేశానండీ, ఊహించి వేశాను, అని ఛాతీ విరిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మా వదినె వీపు మీది మచ్చ నీ ఊహలకెట్లొచ్చింది? పెండ్లినాడు నలుగు పెట్టింది నేను. గా మచ్చ నాకు, మా అన్నకు తప్ప ఇంకెవ్వరికి ఎర్క లేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను ఈ ఊరొచ్చేనాటికే మీ వదినగారు పోయారండీ అని ఒట్లు పెట్టుకున్నాను. ఆవిడ నా మంచం మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మెల్లగా, "గింత యాది పెట్టుకున్నడా," అంది. చొక్కాలు ఉతికి, ఆరేసి, మళ్లీ బొమ్మ మీద తనే వేలాడదీసింది. "నేను చూసిన్నని చెప్పకు బిడ్డా. సిగ్గువడ్తడు."

కంటికి ఆకుపచ్చ గుడ్డతో ఇంటికొచ్చిన సారు మొదట అడిగింది అదే. చూడలేదండీ అన్నాను. ఆ ఇంట్లో నేనాడిన అబద్ధాల్లో నెగ్గింది అదొక్కటే.

ఆ ఆదివారం గెడ్డం గీసుకునే అద్దం పట్టుకుని నా వీపు చూసుకోవాలని నానా తంటాలు పడ్డాను. మెడ పట్టేసింది తప్ప ఏమీ కనపడలేదు. పెళ్లి యోగం నాకు పట్టనేలేదు. ఇప్పుడు వీపు నొప్పికి మందు రాసుకోవాలంటే తలుపు అంచుకు పూసి దానికే రుద్దుకుంటాను. అలా రుద్దుకుంటుంటే అద్దంతో గింగిరాలు తిరిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అక్కడ మచ్చేదైనా ఉందో లేదో ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.