కొవ్వొత్తుల మరునాటి పడుగు

మొన్న సాయంత్రం మా కాలనీ సంఘం పెద్దమనుషులు ఇద్దరు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నా చేతిలో ఒక కొవ్వొత్తుల పొట్లం పెట్టారు. వనపర్తిలో మేముండే ఈ కాలనీకి సంఘం కొత్త, ఉత్సాహం ఎక్కువ. క్రిస్మస్ సెలవుల్లో ఒక రాత్రి ఇళ్ళన్నిటిలో దీపాలార్పి, గడపకో కొవ్వొత్తి వెలిగించి, అందరూ రోడ్డు మీదికొచ్చి ఒకరినొకరు పలకరించుకోవాలట. ఇరుగుపొరుగు మధ్య సఖ్యత పెరుగుతుందట. "పేపర్ల పనిచేసినోళ్ళు, మీరు రెండు మాటలు మాట్లాడాలె సార్" అన్నారు. మాట్లాడనన్నాను. ఎందుకని అడిగితే నడుం నొప్పి అన్నాను. వాళ్ళు పోయాక ఆ పొట్లాన్ని వంటింటి అలమారలో, కరెంటు పోయినప్పుడు పనికొచ్చే చోట పెట్టాను. సఖ్యత కోసం వెలిగించిన కొవ్వొత్తులను నేను ఒకసారి దగ్గరుండి చూశాను. వాటి వెలుగులో ఏం జరిగిందో చెప్పాలంటే గద్వాలలో మా చిన్నమ్మ వాళ్ళ వాడకు పోవాలి.

చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. చిన్నాయన మగ్గం మీద కూర్చుంటే, ఆమె మిగతా ప్రపంచం నెత్తిన కూర్చునేది. వాడంతా నేతగాళ్ళే. సన్నగా, తిన్నగా, గీత గీసినట్టుండే వీధి అది. మొదట్లో ఒక రాతి కడీ, చివర ఒక రాతి కడీ, మనిషి ఛాతీ ఎత్తున పాతి ఉండేవి. వాటిని ఎవరి తాతలు పాతారో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున పడుగును, అంటే చీరకు నిలువుపోగులను, ఈ కడీ నుంచి ఆ కడీకి మోకులతో బిగించి కట్టేవారు. మధ్య మధ్య కత్తెరలా కట్టిన కర్రలు ఊతం. ఇటొకరు అటొకరు నిలబడి పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తూ నడిచేవారు. ఆడవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని, తెగిన పోగులను వెతికి అతికేవారు. వాడంతా పులిసిన గంజి వాసన. ఎండాకాలంలో ఈ పని ఇట్టే అయిపోయేది గానీ, చలికాలంలో ఎండ ఆలస్యంగా వస్తుంది, వచ్చినా దానికి బలముండదు. గంజి ఆరేదాకా పడుగును దించరాదు. తడి పడుగును దించారా, పోగులన్నీ ఒకదానికొకటి కరుచుకుని అట్ట కడతాయి, ఇక అది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. అందుకని వాడలో ఒక కట్టుబాటు ఉండేది. కట్టిన పడుగును ఎవరూ దాటరు, ఎవరూ కదిలించరు. స్కూలు ఆటో అయినా సరే, పెళ్ళివాళ్ళయినా సరే, పక్క నుంచి ఒదిగి పోవాలి, లేదా ఆగాలి.

ఈ ఆగడం దగ్గరే సావుకారికి మంట. వాడలో సగం మగ్గాలకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునేది ఆయనే. మా చిన్నాయన మగ్గం కూడా ఆయనదే అన్నట్టు లెక్క. ఆయన గురించి ఒక మంచి మాట చెప్పమంటే, చీర అంచు చూసి నేసిన చెయ్యి ఎవరిదో చెప్పగలడని చెబుతాను. రెండో మాట అడిగితే నా దగ్గర లేదు. వాడ చివర, దారి ఆగిపోయే చోట, పాత మిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టాడు. దానికి రెండు రెక్కల ఇనుప గేటు, లోపల తెల్ల కారు. చివరి కడీ సరిగ్గా ఆ గేటు ముందు, ఒక పక్కకు ఉండేది. కారు బయటికి రావాలంటే పాములా వంకర తిరగాలి. తిరిగినప్పుడల్లా ఎంతో కొంత గీసుకుపోయేది. కడీకి ఒక పక్కంతా తెల్లరంగు అంటుకుని, ఎవరో విభూతి పూసినట్టు కనిపించేది. చిన్నమ్మ రోజూ పొద్దున ఆ రంగు చూసి, దేవుణ్ణి చూసినంత సంతోషపడేది.

నేను చెప్పేది ఏడెనిమిదేళ్ళ కిందటి డిసెంబరు. పత్రికలో మిగిలిపోయిన సెలవులు వాడుకుందామని చిన్నమ్మ ఇంటికి పోయాను. అప్పటికే వాడ రెండుగా చీలి ఉంది. కడీ తీసేయాలని సావుకారి మున్సిపాలిటీ చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన నూలు మీద బతికేవాళ్ళు నోరు మూసుకున్నారు, ఒక్క చిన్నమ్మ తప్ప. అటువంటి సమయంలో సావుకారి కోడలు, హైదరాబాదు పిల్ల, సెలవులకు వచ్చి ఇంటింటికీ తిరిగి కొవ్వొత్తుల రాత్రి సంగతి చెప్పింది. ఆమె పుట్టిపెరిగిన కాలనీలో ఏటా చేసుకుంటారట. వాడంతా ఒకటవుతుందని ఆ పిల్ల నిజంగానే నమ్మింది. ఆ పిల్లే వచ్చి చిన్నమ్మ గడపలో కూర్చుని, "అత్తమ్మా, మీరు రాకపోతే నేను చెయ్యను" అంది. చిన్నమ్మ ఆ పిల్లను తేరిపార చూసి, "నాకు నీతోని పంచాతి లేదు బిడ్డా. వస్త తీయ్" అంది. ఒప్పుకున్నాక ఆమె ఊరుకునే రకం కాదు. రెండు రోజుల్లో ఆ రాత్రికి అసలు పెత్తందారు ఆమే అయింది. ఎవరి గడప ముందు ఎన్ని, ఏ రంగువి, గాలొస్తే ఏం చేయాలి, అంతా ఆమె నోటి మీదే నడిచింది. ఉత్తరం వరుసకు ఎర్ర కొవ్వొత్తులిచ్చి మాకు తెల్లవిస్తారా అని దక్షిణం వరుస అలిగింది. ఎర్రవాటికి మధ్యలో రెండు వత్తులున్నాయని ఇంకెవరో పుకారు లేపారు. సఖ్యత అలా మొదలయింది.

ఆ రోజు మధ్యాహ్నం సావుకారి స్వయంగా చిన్నమ్మ ఇంటికి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. ఆయన నవ్వితే నాకు ఎప్పుడూ జేబు తడుముకోవాలనిపించేది.

"చెల్లే, చీకట్ల పిల్లలు ఉరుకుతరు. ఆ కడీకి తగిలి తలకాయలు పగుల్తయ్. ఒక్క రాత్రి తీసిపెడదాం."

"దాని నెత్తి మీద ఒక కొవ్వొత్తి వెట్టు అన్నా. కడీ కనవడదా?"

"కోడలు ఆడ పెద్ద ముగ్గు వేసి దీపాలు పెడ్తనంటుంది. ఒక్క రాత్రి."

"రేపు పొద్దుగాల నా పడుగు ఉంది."

"ఉంటే ఉండనీ. నువ్వు గంజి కలిపేలోపు పాతిపిస్త. బీచుపల్లి అంజన్న మీద ఒట్టు."

చిన్నమ్మ ఇంకా ఏదో అనబోయింది గానీ, లోపల మగ్గం గుంటలోంచి చిన్నాయన గొంతు వచ్చింది. "ఒక్క రాత్రే గదా, ఊకో. దినాం ఆయన మొకం జూసి నూలు తెచ్చుకునేటోన్ని నేను." కొట్లాటలతో విసిగిపోయిన గొంతు అది. చిన్నమ్మ తల తిప్పుకుంది. అదే ఆమె ఒప్పుకోవడం. సావుకారి మనుషులు గడ్డపారలతో సిద్ధంగానే ఉన్నారని, చెప్పులేసుకుని ఆయన గడప దిగకముందే తెలిసింది.

ఆ సాయంత్రం చీకటి పడగానే వాడంతా దీపాలార్పారు. అబద్ధమెందుకు, చూడటానికి బాగానే ఉంది. చలికి అందరూ శాలువాలు, దుప్పట్లు కప్పుకుని గడపల ముందు నిలబడ్డారు. రెండు వరుసల వెలుగు వాడ పొడవునా పోయి, చివర ఆ పిల్ల వేసిన ముగ్గు దగ్గర కలిసింది. మామూలుగా మోకు బిగించే చోట మైనం కరుగుతోంది. సావుకారి ముగ్గు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, ఈ వాడ తన కుటుంబమని చెప్పాడు. ఉత్తరం వరుస చప్పట్లు కొట్టింది. దక్షిణం వరుసలో ఒక ముసలాయన, "కుటుంబమైతే మరి కారు మాకెప్పుడిస్తవ్ అన్నా" అన్నాడు. నవ్వులు, తిట్లు, ఎవరిదో కొవ్వొత్తి ఇంకెవరో ఊదేశారని అరుపులు. అన్నం వేళకు అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. కోడలు పిల్ల ఒక్కతే చీకట్లో వంగి మైనం ముక్కలు ఏరుతోంది. ఆమెకు సాయం పోదామని నేను లేస్తే చిన్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వాళ్ళ మైనం వాళ్ళనే ఏరుకోనీ."

తెల్లారి కళ్ళు నలుపుకుంటూ బయటికొచ్చేసరికి వాడ మంచులో మునిగి ఉంది. చిన్నమ్మ, చిన్నాయన, గంజి పట్టడానికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు నలుగురైదుగురు సావుకారి గేటు ముందు నిలబడి ఉన్నారు. కడీ ఉండాల్సిన చోట కొత్త సిమెంటు, దానిమీద తడి గోనెపట్టా కప్పి ఉంది. కడీ రెండు ముక్కలై మురికికాలువలో పడి ఉంది. గేటు లోపల కారు డిక్కీలో చీరల మూటలు సర్ది ఉన్నాయి. ఆ పొద్దున ఆయన హైదరాబాదు దుకాణాలకు సరుకు తీసుకుపోవాలి. చిన్నమ్మ గోనెపట్టాను కాలి బొటనవేలితో లేపి చూసింది. ఆమె తిట్టకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. వెనక్కి తిరిగి, పడుగు అవతలి కొస మొదటి కడీకి కట్టించింది. ఇవతలి కొసను వాడ పొడవునా నడిపించుకుంటూ తెచ్చి, ఆ ఇనుప గేటు రెండు రెక్కలనూ కలిపి మోకు చుట్టి బిగించింది. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఎవరూ నవ్వలేదు. గబగబా కుంచెలు గంజిలో ముంచారు.

సావుకారి బయటికి వచ్చేసరికి పడుగు నిలువునా తడిసి ఉంది.

"ఏంది ఇది? ఎవరు గట్టిన్రు? ఇప్పున్రి!"

"సేటూ, జర నెమ్మది. పోగులు అదురుతున్నయ్" అంది చిన్నమ్మ. అంతదాకా అన్నా అని పిలిచిన మనిషి ఆమె.

"నేను హైదరాబాద్ పోవాలె! అది నా నూలు, నా పట్టు!"

"నీదే. ఎవరు గాదన్నరు? గేటు దెర్వు. నీ నూలు నువ్వే తెంపుకో."

ఆయన గేటు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి గుంజితే మొత్తం పడుగు పోతుంది. ఆ పడుగు ఒక పెళ్ళివాళ్ళ చీరలకని వాడందరికీ తెలుసు. అదీగాక, వాడలో పుట్టి పెరిగినవాడే ఆయన కూడా. తడి పడుగు మీద చెయ్యి వేసినవాడని అనిపించుకోవడం ఆయనకూ చేతకాలేదు. తిట్టాడు. పోలీసులన్నాడు. మున్సిపాలిటీ అన్నాడు. కోపంతో ఒకసారి గేటును ఊపాడు కూడా. అప్పుడే కోడలు పిల్ల లోపలి నుంచి పరుగున వచ్చి, సిమెంటు చూసి, కాలువలో రాయి చూసి, మామ ముఖం చూసి, ఏమీ అడక్కుండా వచ్చి రెండు చేతులతో గేటు రెక్కలను కదలకుండా పట్టుకుంది. చిన్నమ్మ ఆమె దగ్గరికి పోయి, "నువ్వు మంచిదానివే బిడ్డా. గందుకే మీ మామ నిన్ను ముంగట వెట్టిండు" అంది. ఆ పిల్ల తలెత్తలేదు. చిన్నమ్మ మాట దయో దెబ్బో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు రెండూ ఒకే గొంతుతో వచ్చేవి.

ఆ రోజు మంచు విడవలేదు. ఎండ వచ్చినట్టే వచ్చి మబ్బు వెనక్కి పోయేది. మామూలుగా పట్టే గంజి చాలదన్నట్టు ఇంకో చుట్టు పట్టించారు. బూడిద అద్దుకుని పోగులు వెతికే ఆడవాళ్ళు అంత శ్రద్ధగా వెతకడం వాడ చరిత్రలో లేదు. సావుకారి మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చుని, దుకాణాలవాళ్ళకు ఫోను మీద ఫోను చేస్తూ, పడుగు వైపే చూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ చిన్నమ్మ పడుగు మీద అరచెయ్యి ఆనించి, "ఆరింది" అనలేదు.

మరుసటి వారం ఇంకో ఇంటి పడుగు. అదీ గేటుకే కట్టారు. ఆ తర్వాత ఇంకొకటి. శివరాత్రి లోపల సావుకారి సిమెంటు పగలగొట్టించి, అదే చోట కొత్త కడీ పాతించాడు. కానీ ఆ రోజు నుంచి చిన్నాయనకు నూలివ్వడం ఆపేశాడు. మగ్గం కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. తర్వాత చిన్నాయన బస్సెక్కి రాజోలికి పోయి, అక్కడి సావుకారి దగ్గర తక్కువ కూలికి నూలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి మూట దించుతూ, నేను పక్కనుండగానే, చిన్నమ్మతో అన్నాడు: "రాయిని నిలవెడితివి. మగ్గాన్ని పండవెడితివి." ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

ఈ మధ్య గద్వాల పోయాను. ఇప్పుడు పడుగులు గంజి పట్టి, చుట్టి, సిద్ధంగా బయటి నుంచే వస్తున్నాయి. వీధిలో పట్టేవాళ్ళు దాదాపు లేరు. రెండు కడీల మధ్య బైకులు వరుసగా పెట్టి ఉన్నాయి. నేనున్న పొద్దున సావుకారి కారు గేటు దాటి, కడీని తప్పించుకుంటూ ఎప్పటిలాగే వంకర తిరిగింది. చిన్నమ్మ గడపలో నిలబడి, అది రాయికి గీసుకుంటుందేమోనని మెడ చాచి చూసింది. గీసుకోలేదు. "ముసలోడైండు, కండ్లు మాత్రం సక్కగనే ఉన్నయ్" అని ఉమ్మేసి లోపలికి పోయింది. కారులోంచి ఆయన ఆమె వైపు చూసిన చూపు కూడా నేను చూశాను. ఇన్నేళ్ళలో కాలం ఆ వాడ నుంచి పడుగులను తీసుకుపోయింది, గంజి వాసనను తీసుకుపోయింది, కొట్లాడటానికి ఉన్న కారణాన్ని కూడా మోసుకుపోయింది. వాళ్ళిద్దరి కోపాన్ని మాత్రం ఎక్కడిదక్కడే వదిలేసింది.