తొమ్మిది మంది, ఎనిమిది టిక్కెట్లు

మా అక్క పోయింది. తోడబుట్టిన అక్క కాదు, మా ఆయన అన్నగారి భార్య. పెళ్ళయి ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచి అక్కా అనే పిలిచాను. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే చీపురుపల్లి నుంచి బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క లేవట్లేదమ్మా" అన్నారు. నేను ఇడ్లీ పిండిలో ఉప్పు కలుపుతున్నాను. ఆమదాలవలసలో రైలెక్కి మేము వెళ్ళేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టి ఉంచారు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. యాభై ఆరేళ్ళు.

కర్మలు జరిగిన రోజులన్నీ పలకరించడానికి వచ్చినవాళ్ళు ఒక్కటే మాట అన్నారు. "మహాతల్లి, ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు." మొదట్లో నేనూ తలూపాను. పదకొండో రోజున ఒకటి చూశాను. అది చూసిన దగ్గర్నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు నా కోపాన్ని క్షమించనక్కర్లేదు, వింటే చాలు.

ముందు ఆమె వడ్డన గురించి చెప్పాలి. మా వైపు భోజనాల దగ్గర మొదటి "వద్దు"కి విలువ లేదు. తినేవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు, వడ్డించేవాళ్ళు ఆ చేతి సందులోంచి వేసేస్తారు. రెండోసారి వద్దన్నా వేస్తారు. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు నిజంగా కడుపు నిండిందని లెక్క. ఇది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. అక్క దగ్గర మాత్రం అది మర్యాద కాదు, పట్టుదల.

కొత్త కోడలిగా నా మొదటి భోజనం ఆమె చేతి మీదే. పుట్టింటివాళ్ళు వెళ్ళిపోయారు, ఎదురుగా అందరూ కొత్తవాళ్ళు. రెండు ముద్దలు తిని చాలన్నాను. నిజానికి ఆకలి దంచేస్తోంది. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"చాలండీ" అన్నాను మళ్ళీ.

"సాల్దు. నీ మొకం సూస్తే తెల్దేటి నాకు?" అంటూ అన్నం పెట్టి, పప్పు పోసి, నెయ్యి వేసింది. "ఒలమ్మీ, ఈ ఇంట్లో సిగ్గుపడితే పొట్ట మాడిపోతాది. వద్దన్న మనిసిని ఇంకోపాలి అడగాల. అప్పుడూ వద్దంతే ఇంకోపాలి. అడిగిందానికి పోయిందేటి, నోరే కదా."

ఆ రోజు కడుపునిండా తిన్నాను. ఇరవై మూడేళ్ళయింది. ఆ ఇంట్లో నేను ఒక్కనాడు కూడా ఆకలితో పడుకోలేదంటే ఆ మనిషి వల్లే. నా రెండు పురుళ్ళకీ వచ్చి ఉన్నది ఆమే. మా ఆయనకి మిల్లులో గుమస్తా ఉద్యోగం ఆరు నెలలు లేకపోయినప్పుడు చీపురుపల్లి నుంచి బియ్యం, అపరాలు పంపి, "ఇల్లు ఇరుకైపోనాది, మీ కాడ దాసుకో" అని అబద్ధం ఆడింది కూడా ఆమే.

ఇక పార్కు సంగతి.

పిల్లలు మూడేళ్ళ నుంచి అడుగుతున్నారు, హైదరాబాదు దగ్గరున్న పెద్ద పార్కుకి తీసుకెళ్ళమని. మాలాంటి ఇళ్ళలో అలాంటి ప్రయాణం అనుకోగానే అయిపోదు. నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. మా నలుగురం, అక్కా బావగారూ, వాళ్ళ అబ్బాయి, కోడలు, మనవడు అయిదుగురు, మొత్తం తొమ్మిదిమంది. రైల్లో స్లీపరు, దిగడానికి మా చిన్నాన్న కూతురి ఇల్లు, వాళ్ళింటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తామని కళింగపట్నం నుంచి ఎండు నెత్తళ్ళ చేపలు, పార్కుకి సిటీ బస్సు, శని ఆదివారాల్లో రేటు ఎక్కువ కనక మంగళవారం. అన్నీ రాసుకున్నాను. పార్కువాళ్ళకి ఫోన్ చేసి ఒక్కో సంగతీ అడిగాను. బయటి తిండి లోపలికి రానివ్వరు. లోపల తిండి మనం కొనలేం. సామాను పెట్టుకునే పెట్టెకి అద్దె కట్టాలి. మధ్యాహ్నం ఒకసారి చేతి మీద ముద్ర వేయించుకుని బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళవచ్చు.

ఈ ప్రయాణం మాట మొదలైనప్పుడే అక్క ఫోన్లో ఒక ప్రశ్న అడిగింది. "సీర కట్టుకుంతే ఆ సక్రం ఎక్కనివ్వరంటగదా, నిజవేనేటి?"

"అవునక్కా, కొన్నింటికి చీర కుదరదట. డ్రస్సు వేసుకోవాలి."

"అలగా" అంది. తర్వాత నెత్తళ్ళ మాటలోకి వెళ్ళిపోయింది. మూడు కవర్లు వేసి కట్టకపోతే రైలుపెట్టెలో వాళ్ళందరూ మనల్ని దింపేస్తారని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నేను అడగలేదు.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. ఎంత సర్దినా డబ్బు చాలడం లేదు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. తిండి, సామాను పట్టుకుని ఒకరు గేటు బయట కూర్చుంటే ఒక టిక్కెట్టు, పెట్టె అద్దె, లోపలి భోజనాల ఖర్చు అన్నీ కలిసొస్తాయి. నా తెలివికి నేనే మురిసిపోయి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఎవరో ఒకరు బయట ఉంటే సరిపోతుంది" అన్నాను.

ఎవరో ఒకరు. ఆ మాట ఎవరికి చెప్పానో చూడండి. బావగారికి చెప్పలేదు, మా ఆయనకి చెప్పలేదు, నేనుంటానని అనలేదు. విజయనగరంలో సిరిమాను పండగకి వెళ్ళినప్పుడల్లా జెయింట్ వీల్ కింద మా అందరి చెప్పులకీ సంచులకీ కాపలా నిలబడే మనిషికి చెప్పాను.

"నానుంతాన్లే అమ్మీ" అంది. "నాకా తిరుగుళ్ళు పడతాయేటి? కళ్ళు తిరిగి పడిపోతే మిమ్మల్ని నవ్వులపాలు సేసీగల్ను."

"సరే అక్కా" అన్నాను. పుస్తకంలో తొమ్మిది కొట్టేసి ఎనిమిది వేశాను. ఫోన్ పెట్టేశాక టీ పెట్టుకుని తాగాను. నాకు గుర్తుంది.

పార్కుకి వెళ్ళిన రోజు గేటు పక్కన రేకుల షెడ్డు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాం ఆమెని. ఆకుపచ్చ నేత చీర. చుట్టూ పులిహోర డబ్బాలు, పెరుగన్నం క్యారేజీ, నీళ్ళ సీసాలు, మా అందరి బ్యాగులు. తన నీలం సంచి మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది. మేము లోపలికి వెళ్తుంటే మా చిన్నదాని జడ బిగించి కట్టి, "గట్టిగా పట్టుకోవే, ఊడి పడిపోగల్వు" అంది.

బావగారు లోపలికి వచ్చారు. వచ్చి, వేపచెట్టు కింద బల్ల మీద పడుకుని సాయంత్రం దాకా గురక పెట్టారు. ఏ ఒక్కటీ ఎక్కలేదు. టిక్కెట్టు కొన్న మనిషి నిద్రపోయాడు, కొనని మనిషి మెలకువగా కూర్చుంది. ఈ మాట ఆయన చదివితే నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనీ. ఆయన్ని బయట కూర్చోమందామని తొమ్మిదిమందిలో ఒక్కరికీ తోచలేదు. అందరికంటే ముందు, లెక్కలన్నీ చేతిలో ఉన్న నాకు తోచలేదు.

మధ్యాహ్నం చేతి మీద ముద్ర వేయించుకుని భోజనాలకి బయటికొచ్చాం. ఆమె పేపర్లు పరిచి విస్తరాకులు వేసి సిద్ధంగా ఉంది. మా చిన్నది తింటూ, "పెద్దమ్మా, పెద్ద చక్రం మీంచి నువ్వు కనిపించావు. చెయ్యి ఊపుతున్నావు" అంది.

"సూసినావేటి?"

"చూశాను. కానీ నువ్వు చక్రంలో అన్ని డబ్బాలకీ ఊపావు. ఎవరెవరికో ఊపావు."

"మరి మీరే డబ్బాలో ఉన్నారో నాకేటి తెలుస్తాది? అందరికీ ఊపీసినాను. అందులో ఒకటి మీకు తగుల్తాది కదా అని."

అందరం నవ్వాం. మా ఆయనకి పులిహోర పొలమారింది. ఆమె ఆయన వీపు తట్టి, వద్దంటున్నా మళ్ళీ వడ్డించింది. తనెప్పుడు తిన్నదో నేను చూడలేదు.

చేతులు కడుక్కుంటుంటే నా పక్కకొచ్చింది. "ఇప్పుడైతే టిక్కెట్టు ఎంత ఉంతాదే? సగం రోజు అయిపోనాది కదా" అని అడిగింది, ఏదో ఊసుపోక అడిగినట్టు.

"అదే రేటక్కా. సాయంత్రం వెళ్ళినా అంతే తీసుకుంటారు. దండగ" అన్నాను.

"దండగే మరి" అంది. సంచి భుజానికి ఎగేసుకుని గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోయింది.

మూడుసార్లు అడగాలని నాకు నేర్పిన మనిషి, తన నోటితో తానే ఒకసారి అడిగింది. ఎవరినీ ఏదీ అడగలేదని చెప్పుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనే నా కోపమంతా. ఆమె అడిగింది. నేను రేటు చెప్పాను.

ఇంటికొచ్చి చూసుకుంటే డబ్బు మిగిలింది. ఒక టిక్కెట్టు కొన్నా ఇంకా కాస్త ఉండేంత మిగిలింది. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను, తొమ్మిదిమందిమి వెళ్ళొచ్చినా డబ్బు మిగిల్చానని. దాంతో మిక్సీకి కొత్త జారు కొన్నాను. ఇప్పుడు ఆ జారులో చట్నీ రుబ్బుతుంటే ఆ మోత భరించలేక అటకెక్కించేశాను.

పదకొండో రోజున ఆమె బట్టలు పేదవాళ్ళకి ఇవ్వడానికి తీశారు. వాళ్ళ కోడలు ఆ నీలం సంచి విప్పింది. ప్రయాణం నుంచి వచ్చాక ఎవరూ దాన్ని ముట్టుకున్నట్టు లేదు. పైన తువ్వాలు, కింద దువ్వెన, అట్టడుగున ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కొత్త చుడీదారు. వంకాయరంగు. మడతలు కూడా విప్పలేదు.

"ఇది ఎవరిది పిన్నీ?" అంది కోడలు. "అత్త జన్మలో చీర తప్ప కట్టలేదు కదా."

మాకెవరికీ తెలియదు. తెలిసిన మనిషి గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది, వాళ్ళ వీధిలో మిషను కుట్టే ఆమె.

"వొదినమ్మదే" అంది. "దసరా పండక్కి నెల ముందు కుట్టించుకున్నాది. ఎవలికీ సెప్పకే, నవ్వుతారు అన్నాది. రెండుపాల్లు కుట్లు ఇప్పించినాది నాసేత, సంకల కాడ బిగువుగా ఉన్నాదని. బాగానే ఉంది కదా వొదినా అని నానంతే, సక్రం పైకెల్లినప్పుడు సెయ్యెత్తి ఊపాల కదే, సిరిగిపోతే అన్నాది."

బావగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

నెల ముందు. అంటే నేను "ఎవరో ఒకరు" అని ఫోన్ చేసే వేళకి ఆ డ్రస్సు కుట్టించి సిద్ధంగా పెట్టుకుంది. తిరుగుళ్ళు పడవన్నది ఆ డ్రస్సు దగ్గర పెట్టుకునే. అయినా దాన్ని ఇంట్లో వదల్లేదు. సంచి అడుగున పెట్టి హైదరాబాదు దాకా తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గేటు దగ్గర కూర్చుంది. ఎవరైనా ఇంకోపాలి అడుగుతారని. మేము ఎనిమిదిమందిమి. ఎనిమిది నోళ్ళు.

ఆమె మీద కూడా కోపంగా ఉంది నాకు. మా అందరి ఆకళ్ళూ మొహం చూసి కనిపెట్టిన మనిషి తన ఆకలి ఒక్కటీ పైకి చెప్పలేదు. నాకు ఇష్టమే అని ఒక్క మాట అంటే లెక్క మళ్ళీ వేసేదాన్ని కదా. కోపం వస్తుంది, వెంటనే నా పుస్తకంలో ఆ కొట్టేసిన తొమ్మిది కళ్ళముందుకొస్తుంది. దాంతో ఆ కోపం కూడా నా దగ్గరికే తిరిగొస్తుంది. ఎవరినీ ఏదీ అడగని మహాతల్లి అంటే మనకి హాయి. మనం అడగకపోవడం అందులో కొట్టుకుపోతుంది.

చుడీదారు ఎవరికీ ఇవ్వొద్దని నేను తెచ్చుకున్నాను. బీరువాలో పెట్టాను. కోడలు ఇవ్వడానికి ఒప్పుకోదేమో అనుకుని మూడుసార్లు అడిగాను. ఆమె మొదటిసారికే ఇచ్చేసింది.

పార్కులో ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కూడా ఒకసారి పెద్ద చక్రం ఎక్కాను. డబ్బా పైకి చేరగానే ఒక్క క్షణం ఆగింది. గోడ అవతల రేకుల షెడ్డు, బస్సులు, మనుషులు అన్నీ చీమల్లా ఉన్నాయి. ఆకుపచ్చ చీర ఒక్కటే గుర్తుపట్టాను. ఎండలోకి వచ్చి నిలబడి ఉంది. ఆ నీలం సంచి ఒక భుజాన ఉంది. రెండో చెయ్యి పైకెత్తి, మా ముందు డబ్బాకి ఊపింది, మాకు ఊపింది, మా వెనక డబ్బాకి ఊపింది. చక్రం మళ్ళీ కదిలింది, మేము కిందికి దిగిపోయాం, గోడ అడ్డం వచ్చింది. మళ్ళీ పైకి వచ్చేసరికి ఆ చెయ్యి ఇంకా దించలేదు.