పదో మనిషి

మా షెడ్డులో కాగితం మీద తొమ్మిది మంది ఆడవాళ్లు. కళ్లతో చూస్తే పదిమంది. పదో పేరు ఎక్కగానే ప్రభుత్వానికి మేం వేరే రకం వ్యాపారం అయిపోతాం. కొత్త రిజిస్ట్రేషను, పనివాళ్ల బీమాకు కొత్త చందాలు, నెలనెలా నింపాల్సిన ఫారాలు, అవి నింపడానికి ఇంకో మనిషి. ఆ మనిషి పదకొండు.

అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు కొని, కొట్టి, జల్లించి, కవర్లలో నింపి అమ్మడం నా పని. మా నాన్న విడి బెల్లమే అమ్మాడు, దానికి పన్ను లేదు. నేను అదే బెల్లాన్ని శుభ్రం చేసి, కవరు మీద నా దుకాణం పేరు అచ్చు వేయించాను. పన్ను పడింది. దాక్కుని అమ్మేవాళ్లను దొంగలంటారు గానీ, పేరు పెట్టుకుని అమ్మినవాళ్లనే ముందు పట్టుకుంటారు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

పదో మనిషి కోసం మాకొక ఏర్పాటుండేది. గేటు దగ్గర లేబరాఫీసు నుంచి వచ్చే ఆయన స్కూటరు ఆగగానే, ఆమె అలమరలోని కుంకుమ భరిణ తీసుకుని నా ఎదుట నిలబడేది. బొట్టు పెట్టి పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టం అన్నమాట. మా బంధువుల్లో అన్నేసి పెళ్లిళ్లేమిటని ఆయన ఎప్పుడూ అడగలేదు. నేను సిగ్గూ పడలేదు.

ఆ పాత మనిషి కూతురి దగ్గరికి వెళ్లిపోయాక తుమ్మపాల నుంచి ఒకామె వచ్చింది. అంతకుముందు తెల్లారకుండా బస్సెక్కి విశాఖలో అపార్టుమెంట్లు తుడవడానికి వెళ్లేది. మా షెడ్డయితే నడిచి వచ్చి, కూతురు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండొచ్చు. ఆ ఒక్కదాని కోసం ఈ పని పట్టుకుంది. వచ్చి నెల తిరగకుండానే స్కూటరు ఆగింది. కంగారులో అలవాటు కొద్దీ భరిణ తీసి ఆమె చేతిలో పెట్టేశాను.

ఆమె చర్చికి వెళ్లే మనిషి. నుదుట బొట్టుండదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ నిమిషంలో మాత్రం తట్టలేదు.

ఆయన ఆమె నుదురు చూశాడు, భరిణ చూశాడు. "పెళ్లెవరిదమ్మా?" అన్నాడు.

ఆమె భరిణ బల్ల మీద పెట్టింది. "పెళ్లీ లేదు, ఏటీ లేదండి. నాను పనికే వత్తన్నాను. అబద్ధం సెప్పలేనండి."

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, ఆ నియమం మీద. ఆయన చెడ్డవాడేమీ కాదు. గొంతు తగ్గించి నాకు మేలే చెప్పాడు. "ఎందుకొచ్చిన గొడవ మేడం. ఈవిడ్ని రేపట్నుంచి రావద్దనండి. తొమ్మిదని రాసుకుని వెళ్లిపోతాను."

కార్మికుల మేలు కోసం పుట్టిన చట్టం, వచ్చీ రాగానే ఆమెకు చేయబోయిన మేలు ఇది. మళ్లీ ఆ చీకటి బస్సు. అప్పుడు నాలో పంతం లేచింది.

"పదని రాయండి" అన్నాను.

"జరిమానా పడుతుంది. ఆ తర్వాత అన్నీ కట్టాలి."

"కడతాను. ఆ నియమం మంచిదని మాత్రం నా చేత అనిపించలేరు. అది కూడా రాసుకోండి."

పది అని రాశాడు. రెండోది రాయలేదు.

ఆయన వెళ్లాక షెడ్డులో జల్లెళ్లు ఆగిపోయాయి. చందా తమ కూలిలోంచి కూడా కోస్తారని మిగతావాళ్లకు అర్థమైంది. ఒకామె గట్టిగానే సణిగింది. నాకూ భయమేసింది. కవరు ధర రూపాయి పెంచితే కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు.

తుమ్మపాల ఆమె చీర కొంగు దులుపుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "నా మూలాన ఇంతమందికి కోతెందుకమ్మగారూ. నాను మానేత్తానండి."

"నీకు ఇష్టం లేకపోతే మానెయ్యి. నీ పని నాకు నచ్చకపోతే నేను మానిపిస్తాను. మనిద్దరికీ నచ్చిన పని ఆయన నియమానికి భయపడి మానడానికి వీల్లేదు" అన్నాను.

ఆమె వెళ్లి జల్లెడ అందుకుంది. సణిగినామె జరిగి చోటిచ్చింది.